అమ్మ చేతికి పెట్టిన పరీక్ష

ఒక మనిషి చెయ్యి నూటికి ఎంత పాడైందో కొలిచి కాగితం మీద రాసిస్తారని నాకు మొదట చెప్పింది మా ఊరి ఆశ కార్యకర్త. చెప్పి ఆమె తన దారిన తాను వెళ్లిపోయింది. నాకు మాత్రం ఆ రోజంతా ఇంకో పని మీద మనసు నిలవలేదు. పాలలో నీళ్లెన్ని కలిశాయో చూడటానికి ఒక గాజు గొట్టం ఉంటుంది. జ్వరానికి ఇంకొకటి ఉంటుంది. చేతికి ఏముంటుంది? పొడవు కొలుస్తారా, బలం కొలుస్తారా, నొప్పి కొలుస్తారా? నొప్పిని కొలిచేదే ఉంటే ముందు నా తలకు పెట్టించుకోవాలనుకున్నాను. అమ్మతో వాదించి వాదించి ఆ రోజుల్లో నాకు పూట పూటకూ తలనొప్పే.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. కోరుట్లలో డిగ్రీ ముగించి, ఉద్యోగం దొరకక, అక్కడికి ఆటో దూరంలో ఉన్న మా ఊర్లో అమ్మతో ఉంటున్నాను. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ ఎకరన్నర భూమి కౌలుకు తీసుకుని కొంత పసుపు, కొంత మక్క, నీళ్లందిన చోట వరి వేసేది. పొలం పని లేని రోజుల్లో కూలికి పోయేది. మా ఇంట్లో తాతల కాలం నుంచీ సొంత భూమి ఉన్నవాళ్లు ఒక్కరూ లేరు.

అంతకు ముందు సంవత్సరం మక్కలు పట్టే మిషన్లో అమ్మ కుడిచెయ్యి పడింది. కంకులు లోపలికి తోస్తుంటే ఒకటి అడ్డం తిరిగిందట. మిషన్ ఆపమని కేక వేయకుండా చేత్తో సర్దబోయింది. చిటికెన వేలు, ఉంగరపు వేలు పోయాయి. నడిమి వేలు ఉంది గానీ వంగదు. మణికట్టు సగమే తిరుగుతుంది. కరీంనగర్‌లో ఆపరేషన్ చేసినవాళ్లు, కట్టు విప్పాక మళ్లీ రమ్మనీ, చేతికి కసరత్తులు నేర్పిస్తామనీ చెప్పారు. మేం పోలేదు. అప్పటికి పసుపు తవ్వడం మొదలైంది. ఇందులో ఇంకెవరినీ అనడానికి లేదు, తప్పు మాదే.

అమ్మ గురించి ఒక సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మా దగ్గర నాట్లకు ఆడవాళ్లు గుంపుగా పోతారు. ఆ గుంపును కూడగట్టే ఆమె తెల్లారకముందే ఇల్లిల్లూ తిరిగి, వాకిట్లో నిలబడి, "అయితదా?" అని అడుగుతుంది. దానికి జవాబు ఒక్కటే, "అయితది." ఒళ్లు కాలుతున్నా అయితది. నడుము పట్టేసినా అయితది. నేను పుట్టిన నెలకే అమ్మ ఆ మాట చెప్పి నాటుకు పోయిందట. ఒకసారి "కాదు" అన్నామె వాకిట్లో మర్నాడు ఆ గుంపు ఆగదు. అది పగ పట్టడమేం కాదు. వరుసలో ఒకరు వెనకబడితే అందరి పనీ ఆగుతుంది, అంతే. భూమి ఇచ్చిన పటేలు కూడా ఉగాదికి ముందు అదే అడిగేవాడు, "ఈ ఏడు జేస్తవా?" అని. "జేస్త పటేలా" అనేది. చెయ్యి పోయిన ఏడు కూడా అలాగే అన్నది. పన్నెండో ఏట నుంచి ఇదే మాట అంటూ వచ్చిన మనిషికి ఇంకో మాట నోట్లో తిరగడం ఎంత కష్టమో నాకప్పుడు తెలియదు.

ఆశ కార్యకర్త చెప్పిన క్యాంపు జగిత్యాలలో, ఒక బడిలో. అక్కడ డాక్టర్లు చూసి నలభై శాతమో అంతకు మించో వేస్తే వికలాంగుల సర్టిఫికెట్ ఇస్తారు. దాంతో పింఛను వస్తుంది, బస్సు పాసు వస్తుంది. అమ్మ మొదట రానని మొండికేసింది.

"ఆడ ఏం జెయ్యమంటరో ఏమో. నలుగుట్ల గిలాస కింద పడితే ఇజ్జత్ పోతది" అన్నది.

ఏం చేయమంటారో తెలుసుకుంటే సరిపోతుంది కదా అని నేను ఆశ కార్యకర్త ఇంటికి పోయి కూర్చున్నాను. ఆమె అంతకు ముందు ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకుని పోయి వచ్చిన మనిషి. నా ప్రశ్నలకు విసుక్కుంటూనే గుర్తున్నవన్నీ చెప్పింది. గ్లాసెడు నీళ్లు తాగమంటారు. చొక్కా తొడిగి గుండీలు పెట్టమంటారు. తల దువ్వి ముడి వేసుకొమ్మంటారు. పైనున్న వస్తువు దించి మళ్లీ అక్కడే పెట్టమంటారు. ముక్కు ముట్టుకొమ్మంటారు. అన్నం ఎలా కలుపుకుంటావో చూపించమంటారు. నేను అన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. రాసుకుంటూ, పార పట్టమనరా, కలుపు తియ్యమనరా అని అడిగితే, "గా డాక్టర్ల దగ్గర పార ఏడుంటదే?" అని నవ్వింది.

ఆ రాత నుంచే నా తెలివితక్కువతనం మొదలైంది. పోయిన వేళ్లు పోయినట్టు కనబడుతూనే ఉన్నాయి, వాటికి ఎలాగూ శాతం వేస్తారు, మిగతాది నలుగురిలో తడబడకుండా చేస్తే అమ్మ పరువు నిలుస్తుంది, అనుకున్నాను. నా పాత జామెట్రీ బాక్సులోంచి కోణమానిని తీసి ఆమె మణికట్టుకు ఆనించి ఎంత వంగుతోందో చూశాను. ఇరవై డిగ్రీలు.

"ఏంది బిడ్డా గిది? నా చెయ్యి మీద లెక్కలు జేస్తున్నవా?"

"మాట్లాడకు, కదులుతది."

మూడు వారాలు రోజూ సాధన చేయించాను. మొదట ఖాళీ గ్లాసు, తర్వాత సగం నీళ్లు, తర్వాత నిండుగా. నా పాత స్కూలు చొక్కా తొడిగించి గుండీలు పెట్టించాను. అమ్మ వెంట్రుకలు ముడి వేసుకోవడానికి పెదవులు బిగించి, మోచెయ్యి గోడకు ఆనించి తంటాలు పడుతుంటే, "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ పక్కన నిలబడేదాన్ని. మణికట్టు ఇరవై ఆరుకు వచ్చిన రోజు నేను గంతులేశాను. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నాకు అమ్మ మీద ఉన్న శ్రద్ధ కన్నా ఆ డిగ్రీల మీద ఉన్న శ్రద్ధే ఎక్కువ. ఒక వస్తువు కొలతకు దొరికితే నాకు ఒళ్లు తెలియదు.

జగిత్యాల క్యాంపుకు అమ్మ తలస్నానం చేసి, పెట్టెలోని చీర కట్టుకుని వచ్చింది. పెళ్లికి పోతున్నామా అని ఆటోవాడు అడిగాడు. బడి వరండాలో కంప్యూటర్ ముందు కూర్చున్న అతను వివరాలు రాసుకుంటూ, "ఏం పని చేస్తారు?" అన్నాడు.

"ఎవుసం."

"మీ పేరు మీద భూమి ఉందా?"

"లేదు. కౌలుకు జేస్త."

"అయితే గృహిణి" అని టైపు చేసుకున్నాడు. నేను నోరు తెరవబోతే అమ్మ ఎడమ చేత్తో నా జబ్బ గిల్లింది.

డాక్టర్ దగ్గర నేను అన్నాళ్లుగా ఊహించుకుంటున్న కొలత సామాను చూశాను. తెల్లటి ప్లాస్టిక్ చక్రం, దానికి రెండు పొడుగాటి రెక్కలు, మీద డిగ్రీల గీతలు. నా కోణమానిని దీనికి చెల్లెలే! ఆగలేక పేరడిగాను. గోనియోమీటర్ అని చెప్పి, నా చేతికిచ్చి పట్టుకోనిచ్చాడు. మంచి మనిషి. ప్రతి వేలునూ విడిగా వంచి చూశాడు. తన వేళ్లు ఇచ్చి గట్టిగా పట్టుకొమ్మన్నాడు. ఏదీ తొందరపడి చేయలేదు.

తర్వాత గ్లాసు ఇచ్చాడు. అమ్మ తాగింది. గుండీలు పెట్టింది. పైన షెల్ఫులో ఉన్న డబ్బా దించి మళ్లీ పెట్టింది. జుట్టు విప్పి ముడి వేసింది. నేను పక్కనే నిలబడి, "నిన్నటి కన్న మంచిగ జేసినవ్" అని పైకే అన్నాను కూడా.

"ఇంట్లో పనులు చేసుకుంటావా అమ్మా?" అని అడిగాడు డాక్టర్.

అమ్మ ఒకసారి నా వైపు చూసింది. "అన్ని అయితయి సారు."

"పొలం పని?"

"అయితది."

ఆయన రాసుకున్నాడు. కాసేపటికి కాగితం చేతికొచ్చింది. ముప్పై ఆరు. నలభైకి నాలుగు తక్కువ. "బాగానే చేసుకుంటున్నది కదమ్మా, సంతోషించాలి" అన్నాడాయన. వెక్కిరింపుగా అన్న మాట కాదది.

బయటకొచ్చాక అమ్మ మొహం వెలిగిపోతోంది. "ఒక్క సుక్క గూడ కింద పడలే. సూసినవా?" అన్నది. నాకు కోపం తన్నుకొచ్చింది. ఆమె మీదో, నా మీదో, ఆ నోటుబుక్కు మీదో తెలియలేదు. "సుక్క పడితే సర్టిఫికెట్ అస్తుండె" అని అరిచాను. వరండాలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. అమ్మ కొంగు సర్దుకుని నా ముందు నడిచింది.

మళ్లీ చూడమని దరఖాస్తు పెట్టుకోవచ్చని తెలిసింది. పెట్టేలోపే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులకు తాళాలు, బడులకు తాళాలు, బస్సులు డిపోల్లో. దరఖాస్తు తీసుకోవలసిన గుమస్తా ఆఫీసు ఎదుట టెంటులో కూర్చుని ఉన్నాడు. నేను తిన్నగా టెంటులోకి పోయాను. ఉద్యమంలో నేనూ నినాదాలిచ్చినదాన్నే, ర్యాలీల్లో గొంతు పోయేలా అరిచినదాన్నే. అయినా ఆ రోజు నాకు ఓపిక లేదు.

"సమ్మె అయినంక రా చెల్లె" అన్నాడు.

"మా అమ్మ చెయ్యి గూడ తెలంగాణదే సార్" అన్నాను.

టెంటులో అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాడు. తాము కలం పట్టకూడదని తీర్మానం చేసుకున్నారట, అందుకని తాను రాయడట. "నేను జెప్త, నువ్వు రాయి" అని దరఖాస్తు మొత్తం నాకు చెప్పి రాయించాడు. ఎక్కడ సంతకం పెట్టాలో కూడా వేలితో చూపించాడు, కలం మాత్రం ముట్టలేదు. ఆ నిష్ఠ చూసి నాకు ముచ్చటేసింది. ఆఫీసు తెరిచిన మొదటి రోజే ఇమ్మని చెప్పి పంపాడు.

అదే వారంలో సిరిసిల్ల పక్కనున్న తంగళ్లపల్లి నుంచి చిన్నమ్మ ఫోన్ చేసింది. అమ్మ చెల్లెలు. సిరిసిల్లలో ఒక ఫిజియోథెరపీ మేడం ఉందనీ, మరమగ్గాల్లో చేతులు దెబ్బతిన్నవాళ్లను చాలామందిని చూసిందనీ, వచ్చి కొన్నాళ్లు ఉండి చూపించుకొమ్మనీ చెప్పింది. బస్సులు లేవు. ఒక ఆటో కథలాపూర్ దాకా, ఇంకొకటి వేములవాడ వైపు. చందుర్తి దాటాక రోడ్డు మీద సమ్మెవాళ్ల వంటావార్పు. నడిరోడ్డున రాళ్ల పొయ్యిల మీద పెద్ద పెద్ద గిన్నెల్లో అన్నం, పప్పుచారు ఉడుకుతున్నాయి.

"తిన్నంకనే పోవాలె. తినకుంటె ఆటో కదలది" అన్నాడు విస్తరాకులు పంచుతున్న ఒకాయన, నిజంగానే ఆటోకు అడ్డంగా నిలబడి.

నాకంటే సంతోషించినవాళ్లు లేరు. రెండుసార్లు వడ్డించుకున్నాను. అమ్మ మాత్రం, "ఇయ్యాల శనివారం, ఒక్కపొద్దు ఉన్న" అని చేతులు కొంగులో పెట్టుకుని కూర్చుంది. ఎవరో అరటిపండు ఇస్తే సంచిలో వేసుకుంది. ఈమె శనివారాలు ఎప్పుడు మొదలుపెట్టిందా అని ఒక్క క్షణం అనిపించింది. పప్పుచారు బాగుంది, మళ్లీ అడగలేదు.

సిరిసిల్ల మేడం గది చిన్నది. గోడకు ఒక తాడు, కప్పీ, బల్ల మీద మైనం, రబ్బరు బంతులు. ఆమె చేతిలో కాగితం లేదు.

"అక్కా, పొద్దున లేచినకాంచి గీ చేత్తోని ఏమేం జేస్తవో జెప్పు" అన్నది.

"అన్ని జేస్త మేడం" అన్నది అమ్మ.

ఆమె ఇంకేం అడగలేదు. రేపు వచ్చేటప్పుడు కొడవలి తెమ్మన్నది. మర్నాడు చిన్నమ్మ కొడవలి పట్టుకుపోతే, గది వెనక పెరిగిన గడ్డి కోయమన్నది. అమ్మ కోసింది. మొదటి పిడికిలి చక్కగా వచ్చింది. నేను మేడం వైపు గొప్పగా చూశాను. "కొయ్యి అక్కా, ఇంకా కొయ్యి" అన్నది ఆమె. పదో పిడికిలికి కొడవలి పక్కకు ఒరిగింది. పదిహేనోదానికి చేతిలోంచి జారి కింద పడింది. అమ్మ తీసి మళ్లీ పట్టింది. మళ్లీ జారింది. చూపుడు వేలి మొదట్లో చర్మం ఎర్రగా లేచింది.

"ఒక్కసారి జేసుడు వేరు, దినమంత జేసుడు వేరు" అన్నది మేడం, నాతో. "చెయ్యిని సూడాల్నంటే అలిసినంక సూడాలె."

ఇంత చిన్న మాట నాకు ఎందుకు తట్టలేదా అని ఆ సాయంత్రమంతా ఆలోచించాను. నా నోటుబుక్కులో ప్రతి పనికీ ఎదురుగా ఒక టిక్కే ఉంది. ఎన్నిసార్లు అన్న గడి నేను గీయనే లేదు.

ఆమె ఇంకో మాట కూడా చెప్పింది. మణికట్టు కీలు ఇంకా పూర్తిగా బిగుసుకోలేదట. వారానికి ఒకసారైనా వచ్చి, ఇంటి దగ్గర రోజూ కసరత్తు చేస్తే ఆరు నెలల్లో చాలా వరకు వదులవుతుందట. ఇలాగే వదిలేస్తే ఎండిన తోలులాగా బిగిసిపోయి, ఇక ఎవరి దగ్గరికి పోయినా లాభం ఉండదట. వారం వారం కోరుట్ల నుంచి సిరిసిల్ల రావాలంటే బస్సు పాసు కావాలి. పాసు కావాలంటే ఆ సర్టిఫికెట్ కావాలి. అంటే ఆ కాగితం మీదే ఇప్పుడు అమ్మ చెయ్యి ఆధారపడి ఉంది.

ఈలోగా కొడవలి పిడి లావు చేయిస్తే పట్టు నిలుస్తుందని మేడం ఒక మరమగ్గాల షెడ్డుకు పంపింది. మగ్గాలు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నాడక్కడ. మగ్గం నుంచి తీసేసిన పాత తోలు పట్టా కోసి, పిడికి చుట్టి, మణికట్టుకు తగిలించుకునే ఉచ్చు కుట్టాడు. కుట్టేముందు అమ్మ చేతిని తన చేతిలోకి తీసుకుని, ఏ వేలు ఎక్కడ ఆనుతుందో సుద్దతో గుర్తు పెట్టాడు. మగ్గాల చప్పుడులో మాటలు వినబడవు. అంతా సైగలే. కార్మికులు సమ్మెకు మద్దతుగా ఉదయం ఊరేగింపు చేసి వచ్చి, మధ్యాహ్నం నుంచి మగ్గాలు నడుపుతున్నారు.

నాకు మగ్గం మీద కన్ను పడింది. పోగును మోసే నాడె ఇటు నుంచి అటు ఎలా ఎగురుతోంది, దాన్ని కొట్టేదేది, తెగిన పోగు దగ్గర మగ్గం ఎలా ఆగుతోంది, చూసుకుంటూ షెడ్డు చివరిదాకా పోయాను. తిరిగి వస్తుంటే రెండు మగ్గాల సందులోంచి అమ్మ కనబడింది. ఎవరో చాయ్ ఇచ్చినట్టున్నారు. ఎడమ చేత్తో గ్లాసు పట్టుకుని, హాయిగా ఊదుకుంటూ తాగుతోంది. కుడిచెయ్యి ఒళ్లో చీర మడతల్లో ఉంది. చప్పుడుకు నా అడుగులు వినబడలేదు. నేను ఎదుటికి రాగానే గ్లాసు కుడిచేతిలోకి మార్చింది. కొంచెం తొణికి చీర మీద పడింది. వేడి చాయ్. అయినా మొహంలో ఏం కదలలేదు.

నేను చూశాను. చూసి కూడా, ఎడమ చెయ్యి వాటంగా ఉందేమో అనుకుని ఊరుకున్నాను. ప్రతిదానికీ ఎందుకని అడిగే నేను ఆ ఒక్కదాన్ని అడగలేదు.

సమ్మె ముగిసింది. దరఖాస్తు ఇచ్చాను. గుమస్తా నన్ను గుర్తుపట్టి, ఈసారి కలం తీసి తానే తేదీ వేసుకున్నాడు. చలికాలంలో జగిత్యాలలో మళ్లీ క్యాంపు పెట్టారు.

అంతకు ముందు రోజు మా ఇద్దరికీ పెద్ద గొడవ. ఈసారి దేనికైనా "కాదు" అనమని నేను.

"అబద్ధమాడమంటవా?"

"అబద్ధం కాదే. అలిసినంక చెయ్యి పని జేస్తలేదు గద, గదే జెప్పు."

"జేసేటిదాన్ని జెయ్యనని ఎట్ల జెప్తనే? రేపు పనికి పిల్వకుంటె?"

"గా డాక్టర్ అచ్చి నీ గుంపోళ్లకు జెప్తడా?"

ఆమె పొయ్యి ముందు కూర్చుని మంట ఎగదోస్తూ ఉండిపోయింది. తెల్లారి ఆటో ఎక్కాం. చెబుతుందో లేదో నాకు తెలియదు. చెప్పకపోతే ఏమవుతుందో మాత్రం తెలుసు. దారి పొడుగునా ఆమె మణికట్టు వంకే చూస్తూ కూర్చున్నాను.

డాక్టర్ ఆయనే. మమ్మల్ని గుర్తుపట్టాడు. మళ్లీ గోనియోమీటర్ పెట్టి కొలిచాడు. తర్వాత బల్ల మీద నీళ్ల గ్లాసు పెట్టాడు. అమ్మ కుడిచెయ్యి లేచింది. తాగేస్తుంది, ఒక్క చుక్క కూడా పడనివ్వదు, అంతే ఇక. ఆ చెయ్యి గ్లాసు దాకా పోయి, గ్లాసును ముట్టకుండానే వెనక్కి వచ్చి ఒళ్లో పడింది.

"సారు, మా బిడ్డను జర బయటికి పంపుండ్రి" అన్నది. "అది ముందట ఉంటె నా నోట్లకెల్లి మాట అస్తలేదు."

డాక్టర్ నా వైపు చూశాడు. నేను కదలలేదు. నన్నే అంటోందని అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. ఆయన లేచి వచ్చి, "కాసేపు బయట ఉండమ్మా" అన్నాడు మెల్లగా. బయటకొచ్చాను. వెనక తలుపు మూసుకుంది.

వరండా వైపు ఆ గది కిటికీ తెరిచే ఉంది. ఊచల దగ్గర నిలబడితే ప్రతి మాటా వినబడుతుంది. అలా విన్న చరిత్ర నాకు లేదనను. ఆ రోజు మాత్రం కాళ్లు అటు పోలేదు. బడి గేటు దాకా నడిచి, అక్కడి అరుగు మీద కూర్చున్నాను. ఆమె నా కోసమే చేసింది. మొదటిసారి అన్నీ అలా చేయగలిగింది నేను పక్కన ఉన్నందుకే. పక్కన నిలబడి "మంచిగ జేసినవ్" అని మెచ్చుకుంటున్న బిడ్డ ముందు ఏ తల్లి గ్లాసు వదిలేస్తుంది?

అక్కడ కూర్చుంటే ఒక్కొక్కటే గుర్తొచ్చింది. "నువ్వు తినుపో, నేను తర్వాత తింట" అని ఏడాదిగా నన్ను ముందు కూర్చోబెట్టి తినిపించడం. రోడ్డు మీద ఆ శనివారం ఒక్కపొద్దు. అది శనివారమే, నిజమే. కానీ నలుగురిలో ఎడమ చేత్తో తినలేదు, కుడిచేత్తో ముద్ద నోటిదాకా పోదు. పొద్దున్నే మజ్జిగకని పక్కింటికి పోయి, తల దువ్వుకుని చక్కగా కొప్పుతో రావడం. పక్కింట్లో బర్రె వట్టిపోయి ఎన్నో నెలలైంది. మరి మజ్జిగ ఎక్కడిది, ఆ కొప్పు ఎవరు వేశారు? డిగ్రీ చదివి, కోణమానిని పెట్టి చెయ్యి కొలిచిన నాకు ఇంట్లో ఇంత దాగి ఉందని తెలియలేదు. నాకు చాలా సిగ్గేసింది. కోపం కూడా వచ్చింది. ముక్కూ మొహం తెలియని డాక్టర్‌కు చెప్పగలిగినది నాకెందుకు చెప్పలేదని. ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు. నేను ఎప్పుడైనా, చెయ్యలేకపోయినా ఫర్వాలేదు అన్నానా? గుర్తు చేసుకుని చూశాను. అనలేదు.

ఎంతసేపైందో చెప్పలేను. ఆమె కన్నా ముందు వెళ్లినవాళ్లు ఐదు నిమిషాల్లో బయటకొచ్చారు. అమ్మ చాలాసేపటికి వచ్చింది. వచ్చినప్పుడు జుట్టంతా విరబోసుకుని ఉంది. తల దువ్వి ముడి వేసుకొమ్మని ఉంటారు. విప్పి, మళ్లీ వేసుకోలేకపోయి ఉంటుంది, లేదా వేసుకోనని చెప్పి ఉంటుంది. పగటి వెలుతురులో, పరాయివాళ్ల ముందు, ఆమెను అలా నేను అంతకు ముందు చూడలేదు. ఎడమ చేతిలో కాగితం ఉంది. యాభై దాటిందని నేను తర్వాత చూశాను. అప్పుడు దాని వైపు చూడలేదు. లోపల ఏం చెప్పిందని అడగలేదు. ఈ రోజు వరకూ అడగలేదు.

ఆమె వచ్చి నా ముందు, అరుగు కింది మెట్టు మీద, నాకు వీపు పెట్టి కూర్చుంది. జుట్టు నేను అనుకున్నదానికన్నా పల్చబడి ఉంది. వరండా నిండా జనం ఉన్నారు.

"ముడెయ్యి బిడ్డా" అన్నది. "నాతోని అయితలేదు."

వెంట్రుకలు చేతిలోకి తీసుకున్నాను గానీ ఏం చేయాలో తెలియలేదు. నాకు జడ వేయడం వచ్చు, అదీ నా జడ. కొప్పు చుట్టడం ఎప్పుడూ నేర్చుకోలేదు.

"నాకు రాదే అమ్మా" అన్నాను.

"నేను జెప్త, నువ్వు సుట్టు. ముందుగాల సిక్కు తియ్యి."